తాతలను బెదరగొట్టి మనవల మనసు దోచిన బోరిస్ కార్లోఫ్

1931 నవంబరు. అమెరికాలో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ చిత్రం విడుదలయింది. ఆట మొదలు కాగానే బొమ్మలో ఒక తెర కనిపిస్తుంది. ఆ తెర చాటు నుంచి ఒక పెద్దమనిషి ముందుకు వచ్చి, ఇది గుండె దిటవు ఉన్నవారు చూడవలసిన కథ అని మర్యాదగా హెచ్చరించి వెళ్ళిపోతాడు. తరువాత నటుల పేర్లు వస్తాయి. భూతం వేషం వేసిందెవరు అన్నచోట మాత్రం పేరు లేదు. ఒక ప్రశ్నార్థకం గుర్తు ఉంది, అంతే.

ఆ గుర్తు వెనుక ఉన్న మనిషి బోరిస్ కార్లోఫ్. చిత్రం విడుదలైన రెండు రోజులకు ఆయనకు 44 ఏళ్ళు నిండాయి. పదేళ్ళకు పైగా హాలీవుడ్‌లో చిన్నాచితకా వేషాలు వేస్తూ కాలక్షేపం చేసిన నటుడు. తొలి ప్రదర్శనకు రమ్మని కూడా ఆయనను ఎవరూ పిలవలేదు. జనానికి ముందుగా చూపించిన ఆటలో కొందరు భయపడి లేచి బయటకు వెళ్ళారట. వెళ్ళినవారు ఊరుకోలేక మళ్ళీ లోపలికి వచ్చారట. కొద్ది వారాలలో ఆ ప్రశ్నార్థకానికి జవాబు దేశమంతటికీ తెలిసిపోయింది.

భయపెట్టి బతికిన నటులు చాలామంది ఉన్నారు. కార్లోఫ్ సంగతి వేరు. ఆయన 81 ఏళ్ళు బతికారు. తాను బెదరగొట్టిన తరం ముసలిదైపోవడం చూశారు. వారి పిల్లలు అదే బొమ్మను చూసి నవ్వడం చూశారు. వారి మనవలు రక్తం కనిపిస్తేగాని కదలని రోజులు రావడమూ చూశారు. భయం అనే సరుకు తరానికొక తీరుగా మారుతుంటే, ఆ సరుకు అమ్ముకునే మనిషి ఏమవుతాడు? ఆయన జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది.

ఉప్పు సుంకం వారి అబ్బాయి

ఆయన అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. 1887 నవంబరు 23న లండన్ నగరంలోని కాంబర్‌వెల్‌లో పుట్టారు. తొమ్మిదిమంది సంతానంలో ఆఖరివాడు. పేరు రష్యావాడిదిలా ఉన్నా ఆయన వేళ్ళు వెతికితే తేలేది మన దేశంలోనే. తండ్రి ఎడ్వర్డ్ ప్రాట్ హిందూదేశంలో బ్రిటిషు ప్రభుత్వపు ఉప్పు సుంకం శాఖలో అధికారి. గాంధీజీ దండి కడలి ఒడ్డున ఉప్పు తీసింది ఏ సుంకం మీదో, ఆ సుంకం వసూలు చేసిన కొలువు అది. తల్లి ఎలిజా కుటుంబం కూడా ఇక్కడిదే. తెల్లవారికీ భారతీయులకూ కలిసిన సంతతి అది. సయాం రాజు పిల్లలకు చదువు చెప్పి పేరు పొందిన అన్నా లియోనోవెన్స్ మన అహమ్మద్‌నగర్‌లో పుట్టిన మనిషి. కార్లోఫ్ అమ్మమ్మకు ఆమె స్వయానా చెల్లెలు.

అందుకే ఆయన మేని ఛాయ చామన. ఇంగ్లండులో అది దాగేది కాదు. హాలీవుడ్ చేరాక ఎండకు కమిలిన ఒళ్ళని జనం అనుకున్నారు. ఆయన కాదనలేదు. ఆ రోజుల్లో అది తీసిపారేయవలసిన సంగతి కాదు. భారతీయులు అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని అక్కడి సుప్రీంకోర్టు 1923లో తీర్పు చెప్పింది. కార్లోఫ్ అన్నది తన తల్లి తరఫు పూర్వీకుల పేరు అని ఆయన చెప్పుకునేవారు. ఆ వంశంలో అటువంటి పేరు ఉన్నట్టు ఎవరికీ ఆధారం దొరకలేదు. తల్లి వైపు ఎవరని అడిగితే చెప్పుకోవడానికి ఒక రష్యా పేరు సిద్ధంగా ఉంచుకున్నారేమో అనిపిస్తుంది.

తల్లి ఆయన చిన్నతనంలోనే పోయింది. అన్నలే పెంచారు. వారిలో కొందరు చైనాలోనూ ఇతర దేశాలలోనూ ప్రభుత్వ దౌత్య ఉద్యోగాలలో ఉన్నారు. ఒక అన్నకు తరువాత సర్ బిరుదు కూడా వచ్చింది. చిన్నవాడు కూడా ఆ దారినే నడవాలని అందరి కోరిక. అబ్బాయి మనసు వేరేచోట ఉంది. తొమ్మిదేళ్ళ వయసులో చర్చి హాలులో వేసిన సిండెరెల్లా నాటకంలో ఆయన కట్టింది భూతాల రాజు వేషం. ఆ రుచి వదల్లేదు. పైగా కాళ్ళు కాస్త వంకర, మాటలో నత్తి, ‘స’ అక్షరం సరిగా పలికేది కాదు. నటుడవుతానంటే ఇంట్లో నవ్వక ఏం చేస్తారు?

1909లో చదువు మధ్యలో వదిలి ఓడెక్కి కెనడా పోయారు. అక్కడ పొలంలో పాలేరుతనం, మట్టిపని, బరువులు మోసే కూలి. తరువాత ఊరూరా తిరిగే నాటక కంపెనీలో చేరి పేరు మార్చుకున్నారు. మన సురభి వారు ఊరు మారినట్టు ఆ కంపెనీలూ మారేవి. డబ్బులు వస్తే తిండి, లేకపోతే పస్తు. 1912 జూన్ 30న కెనడాలోని రెజైనా పట్టణాన్ని పెద్ద సుడిగాలి ఊడ్చిపెట్టినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. శిథిలాలు ఎత్తే కూలిపని చేశారు. హాలీవుడ్ చేరిన తరువాత కూడా వేషాలు లేనప్పుడు లారీ తోలారు, బస్తాలు మోశారు. మూగ చిత్రాలలో దొరికిన వేషాలు కూడా ఆ ఛాయను బట్టి దొరికినవే. అరబ్బు, రెడ్ ఇండియన్, ఏదో దేశపు దొంగ.

ముఖం తిప్పిన క్షణం

యూనివర్సల్ కంపెనీ భోజనశాలలో దర్శకుడు జేమ్స్ వేల్ కంట ఆయన పడ్డారు. ‘డ్రాకులా’గా పేరు తెచ్చుకున్న బేలా లుగోసీ చేతి నుంచి జారిన వేషం అది. మాటలు లేవు, ముఖం నిండా రంగు, ఎవరు చేస్తేనేమి అనుకునే పాత్ర. కార్లోఫ్‌కు మాత్రం అది ముద్ద దొరికే మార్గం. ఒప్పుకున్నారు.

కథ మనలో చాలామందికి తెలిసినదే. మేరీ షెల్లీ అనే ఆవిడ 1818లో అచ్చువేయించిన నవల. ఫ్రాంకెన్‌స్టైన్ అనే శాస్త్రవేత్త శవాల ముక్కలు కలిపి కుట్టి ప్రాణం పోస్తాడు. లేచిన దాన్ని చూసి తానే అసహ్యించుకుని వదిలేస్తాడు. జనం వాడుకలో సృష్టికర్త పేరు కాస్తా ఆ భూతానికే అంటుకుంది. నిజానికి దానికి పేరు లేదు.

జాక్ పియర్స్ అనే మేకప్ నిపుణుడు రోజూ నాలుగు గంటలు కూర్చోబెట్టి ఆ ముఖం తయారుచేసేవాడు. చదునైన నెత్తి, మెడకు ఇనుప మరలు, ఒక్కొక్కటి ఆరు కిలోల బరువున్న బూట్లు. కళ్ళు మరీ చురుగ్గా, తెలివిగా ఉన్నాయని కార్లోఫే గమనించి రెప్పల మీద మైనం పెట్టమన్నారు. కట్టుడు పళ్ళు తీసి ఒక చెంప లోపలికి పోయేటట్టు చేసుకున్నారు. అప్పుడే పుట్టిన ప్రాణి లోకాన్ని ఎలా చూస్తుందో అలా ఆ కళ్ళు చూడాలని ఆయన పట్టుదల.

ఆ చిత్రంలో భూతం మొదటిసారి వచ్చే ఘట్టం చూడండి. తలుపు తెరుచుకుంటుంది. లోపలికి వచ్చేది వీపు. వెనక్కి నడుస్తూ వస్తుంది. మెల్లగా తిరుగుతుంది. కెమెరా మూడు అంగల్లో ముఖం దగ్గరికి పోతుంది. అరుపు లేదు. బాజాలు లేవు. ఆ చిత్రంలో పేర్లు వచ్చేటప్పుడు తప్ప సంగీతమే లేదనవచ్చు. తరువాత పైకప్పులోని కిటికీ తెరుస్తారు. వెలుగు పడుతుంది. భూతం తల ఎత్తి రెండు చేతులూ చాచి ఆ వెలుగును అందుకోబోతుంది. చంటిబిడ్డ దీపాన్ని పట్టుకోబోయినట్టు. అంతలో కిటికీ మూసేస్తారు. ఖాళీ చేతులు అలాగే ఉండిపోతాయి.

పెద్దలు భూతాన్ని చూసి జడిశారు. పిల్లలు ఆ చేతులను చూశారు. కార్లోఫ్‌కు పిల్లల నుంచి ఉత్తరాలు రాసాగాయి. ఆ భూతం అంటే భయమని కాదు, దాన్ని అందరూ ఎందుకు అలా కొడుతున్నారని. తన నటనను సరిగా అర్థం చేసుకున్నది పిల్లలేనని ఆయన చివరిదాకా చెప్పుకున్నారు.

సెన్సారు వారు వేరేగా ఆలోచించారు. చెరువుగట్టున ఒక చిన్న పిల్ల భూతానికి పూలు ఇస్తుంది. ఇద్దరూ కూర్చుని పూలు నీళ్ళలో వేసి అవి తేలుతుంటే చూసి ఆనందిస్తారు. పూలు అయిపోతాయి. భూతం పిల్ల వైపు చేతులు చాస్తుంది. అక్కడ కత్తెర పడింది. అంతకు ముందు అలా చేతులు చాచింది వెలుగు కోసమని జనం మరచిపోయారు. తరువాత ఏం జరిగిందో చూపకపోయేసరికి చూసినవారు ఊహించుకున్నది అసలు దానికంటే ఘోరం. పిల్లలను, బలహీనులను కాపాడాలని కోసిన ముక్క అది. కోయడం వల్ల ఆ ప్రాణి పాపిష్టిది అయిపోయింది.

చూపకపోవడం వల్ల భయం పెరుగుతుందన్న సంగతి ఇక్కడ అనుకోకుండా రుజువయింది. మరుసటి సంవత్సరం వచ్చిన ‘ది మమ్మీ’లో అదే కావాలని చేశారు. ఈజిప్టులో వేల ఏళ్ళనాటి పీనుగు. దానికి వేషం వేయడానికి ఎనిమిది గంటలు పట్టింది. తెర మీద అది కదిలేది ఎంత? కనురెప్ప సందుగా విచ్చుకుంటుంది. ఒక చెయ్యి పట్టీల మధ్య నుంచి జారుతుంది. బల్ల మీది కాగితం చుట్ట పక్కకు ఒక వేళ్ళ గుత్తి వస్తుంది. అక్కడ కూర్చున్న కుర్రవాడు అరిచి, ఆ అరుపు మీదనే పిచ్చినవ్వు మొదలు పెడతాడు. గుమ్మం దాటి పాకుతూ పోతున్న రెండు గుడ్డపేలికలు, ఇక ఏమీ లేదు. ఎనిమిది గంటల వేషాన్ని దాచుకుని చూపించారు. నేటి నిర్మాతలు ఎవరైనా అంత డబ్బు పెట్టి అంత తక్కువ చూపుతారా?

మన ఊళ్ళలో అమ్మమ్మ దయ్యం కథ చెబితే దయ్యాన్ని వర్ణించదు. చింతచెట్టు కింద తెల్లచీర ఉంది, దగ్గరికి పోతే లేదు అంటుంది. ఆ పైన మనమే చూసుకుంటాం.

అన్నల ముందు

1933లో ఒక చిత్రం కోసం ఆయన లండన్ వెళ్ళారు. ఇల్లు వదిలి ఇరవై నాలుగేళ్ళు. పెద్ద హోదాలలో ఉన్న అన్నలు, తమ్ముడు భూతం వేషాలు వేసి కుటుంబం పరువు తీశాడని అనుకుంటారేమోనని ఆయనకు లోపల బెరుకు. పత్రికలవారు అందరినీ కలిపి ఫొటో తీస్తామన్నారు. అడగడానికే ఆయనకు మొహమాటం. తీరా చూస్తే అన్నలు ఎవరు ఎక్కడ నిలబడాలని చిన్నపిల్లల్లా తోసుకున్నారట. ఆయన మనసు అప్పుడు కుదుట పడింది.

అదే సంవత్సరం ఆయన ఇంకొక పని చేశారు. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ తీసేటప్పుడు ఒకసారి ఇరవై అయిదు గంటలు ఏకబిగిన పని చేయించారు. నటుణ్ణి ఒకరిని భుజాన వేసుకుని గుట్ట ఎక్కే ఘట్టం మళ్ళీ మళ్ళీ తీసి ఆయన నడుము చెడగొట్టారు. ఆ నొప్పి జీవితాంతం ఉంది. సినిమా నటుల సంఘం 1933లో పుడితే దాని మొదటి సభ్యుల్లో కార్లోఫ్ ఒకరు. ఆ రోజుల్లో సంఘంలో చేరితే పని పోయే ప్రమాదం ఉండేది. కూలి చేసి వచ్చిన మనిషి కనుక కూలి విలువ తెలుసు.

1935లో ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ వచ్చింది. అందులో భూతానికి మాటలు పెడితే కార్లోఫ్ వద్దన్నారు. మౌనంలోనే దాని బలం ఉందని ఆయన వాదన. ఆయన మాట నెగ్గలేదు. ఇక్కడ మాత్రం దర్శకుడి పక్షానే నిలబడాలనిపిస్తుంది. అడవిలో ఒక గుడ్డి ముసలివాడు ఆ భూతానికి అన్నం పెట్టి, ఫిడేలు వాయించి, నాలుగు మాటలు నేర్పుతాడు. కళ్ళు లేవు కనుక భయపడడు. ఆ ఘట్టం మాటలు లేకుండా పండేది కాదు.

తరువాత రెండు మూడేళ్ళు భయానక చిత్రాలకు గడ్డుకాలం. బ్రిటన్‌లో 1937 నుంచి ఇటువంటి చిత్రాలకు ‘హెచ్’ ముద్ర వేసి పదహారేళ్ళ లోపువారిని లోపలికి రానివ్వలేదు. హాలీవుడ్ కంపెనీలు తీయడం మానేశాయి. జనానికి మోజు తీరిపోయిందని తేల్చేశారు. 1938 వేసవిలో లాస్ ఏంజెలిస్‌లో దివాలా అంచున ఉన్న ఒక చిన్న థియేటర్ ‘డ్రాకులా’, ‘ఫ్రాంకెన్‌స్టైన్’, ఇంకొక పాత చిత్రం కలిపి ఒకే టిక్కెట్టు మీద వేసింది. క్యూలు వీధి చుట్టూ తిరిగాయి. ఏడేళ్ళలో పెద్దయిన కొత్త కుర్రకారు అది. ఆ గిరాకీ చూసి యూనివర్సల్ వెంటనే మూడో చిత్రం మొదలుపెట్టింది. ఆ చిత్రీకరణ సాగుతుండగానే, సరిగ్గా కార్లోఫ్ 51వ పుట్టినరోజున, ఆయనకు ఒక్కగానొక్క కూతురు సారా పుట్టింది.

ఆ మూడో చిత్రంతో ఆయన భూతానికి నమస్కారం పెట్టారు. దాన్ని ఇకపై హాస్యానికి వాడుకుంటారని గ్రహించారు. అన్నట్టే జరిగింది. 1944కు ఒకే చిత్రంలో డ్రాకులా, తోడేలు మనిషి, ఫ్రాంకెన్‌స్టైన్ భూతం అందరినీ కలిపి సంతలో పెట్టినట్టు పెట్టారు. అందులో ఆయన శాస్త్రవేత్త వేషం వేసి, భూతం వేషం వేసిన వేరే నటుడికి నడక నేర్పారు. 1948లో ఇద్దరు హాస్యగాళ్ళు ఆ భూతంతో పరుగులు తీసే చిత్రం వచ్చింది. ప్రచారం కోసం కార్లోఫ్ ఆ థియేటర్ ముందు నిలబడి ఫొటో దిగారు. చిత్రం మాత్రం చూడనని ముందే షరతు పెట్టారు.

పాట ఆగిన చోట

ఈ రెంటి మధ్య ఆయనకు ప్రాణం లేచివచ్చిన రోజులు కొన్ని ఉన్నాయి. ఆర్‌కెవో కంపెనీలో వాల్ ల్యూటన్ అనే నిర్మాత ఉండేవాడు. రష్యాలో యాల్టాలో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరినవాడు. కంపెనీవారు అతనికి తక్కువ డబ్బు, జనం ఎగబడే పేరు ముందే ఇచ్చి, దానికి తగ్గ చిత్రం తీయమనేవారు. 1942లో ‘క్యాట్ పీపుల్’ అని పేరు ఇచ్చారు. పిల్లిముఖం మనిషి వస్తుందని అందరూ ఎదురుచూశారు. ల్యూటన్ అడుగుల చప్పుడు వినిపించాడు. ఈతకొలను గోడ మీద నీడ కదిలించాడు. మిగతాది చీకటికి వదిలేశాడు. డబ్బు లేకపోవడం అతనికి కలిసివచ్చింది. చీకటికి ఖర్చు లేదు కదా.

కార్లోఫ్‌ను తీసుకోమని కంపెనీ చెప్పినప్పుడు ల్యూటన్ బృందానికి మొదట ఇష్టం లేదు. పాతకాలపు భూతాల మనిషి అని వారి భయం. ఆయనను కలిసి మాట్లాడాక ఆ భయం పోయింది. ఇద్దరూ కలిసి మూడు చిత్రాలు తీశారు. వాటిలో మేలైనది 1945లో వచ్చిన ‘ది బాడీ స్నాచర్’.

కథాకాలం 1831, ఎడింబరో నగరం. వైద్య విద్యార్థులు కోసి నేర్చుకోవడానికి శవాలు కావాలి. ఉరి తీసినవారి శవాలు తప్ప చట్టప్రకారం దొరకవు. దాంతో రాత్రిళ్ళు సమాధులు తవ్వి అమ్మే వ్యాపారం పుట్టింది. ఇది కల్పన కాదు, ఆ రోజుల్లో నిజంగా జరిగినదే. 1832లో చట్టం మార్చవలసి వచ్చింది. కార్లోఫ్ ఇందులో బండివాడు. పగలు బండి తోలతాడు, రాత్రి శవాలు చేరవేస్తాడు. నవ్వు ముఖం. చిన్నపిల్లను ఎత్తుకుని గుర్రాన్ని నిమరనిస్తాడు.

వీధిలో పాడుకుని అడుక్కునే ఒక అమ్మాయి ఉంది. ఒక రాత్రి ఆమె పాడుకుంటూ చీకటి కమాను కిందుగా పోతుంది. కెమెరా కదలదు. మనకు ఇవతలి నుంచి ఆ చీకటి మాత్రమే కనిపిస్తుంది. బండి ఒకటి నెమ్మదిగా ఆమె వెనుకే ఆ చీకట్లోకి పోతుంది. పాట వినిపిస్తూనే ఉంటుంది. చరణం మధ్యలో ఆగిపోతుంది.

అంతే ఆ ఘట్టం. కత్తి లేదు, నెత్తురు లేదు, కేక కూడా లేదు. నా మటుకు నాకు అంతకంటే భయపెట్టిన హత్య తెర మీద ఇంకొకటి లేదు. ఆ మూడు చిత్రాల కాలంలోనే తనకు నటుడిగా ఆత్మగౌరవం తిరిగి దక్కిందని కార్లోఫ్ భావించేవారు. ల్యూటన్ 1951లో 46 ఏళ్ళకే గుండెపోటుతో పోయాడు.

తన చిత్రాలను భయానక చిత్రాలని పిలిచే ఇంగ్లీషు మాటే కార్లోఫ్‌కు నచ్చేది కాదు. ఆ మాటలో కడుపులో తిప్పే అసహ్యం ఉందని, తాను చేసేది అది కాదని అనేవారు. తెలియనిదాన్ని తలుచుకుని కలిగే దడ వేరు, పేగులు చూసి కలిగే ఏవగింపు వేరు. ఈ తేడాను ఆయన ఇరవై ఏళ్ళు పత్రికలవారికి ఓపికగా విడమరచి చెప్పారు. విన్నది కొందరే.

ఇంట్లోకి వచ్చిన భూతం

1957 వచ్చేసరికి రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. ఒకటి, యూనివర్సల్ వారి పాత భయానక చిత్రాలు యాభై రెండింటిని మూటగా కట్టి అమెరికా టెలివిజన్‌కు అమ్మారు. ఒకప్పుడు తల్లిదండ్రులు థియేటర్ నుంచి లేచి పోయిన చిత్రాన్ని పిల్లలు ఇంట్లో చాప మీద పడుకుని, వేరుశెనగలు తింటూ చూశారు. చూసి మురిసిపోయారు. భూతం ముఖం ఉన్న బొమ్మలు, పత్రికలు కొనుక్కున్నారు. మన టూరింగు టాకీసులలో ‘పాతాళభైరవి’ మాంత్రికుణ్ణి చూసి తల్లి కొంగు చాటున దాక్కున్నవారి మనవలు ఆ మాంత్రికుడి గొంతును సరదాగా అనుకరించడం లేదా? అటువంటిదే.

రెండోది, ఇంగ్లండులో హ్యామర్ కంపెనీ అదే ఫ్రాంకెన్‌స్టైన్ కథను రంగుల్లో తీసింది. భూతం క్రిస్టఫర్ లీ. రంగు వచ్చాక నెత్తురు ఎర్రగా కనిపించింది. కుర్రకారు దానికే డబ్బు పెట్టారు. తండ్రుల తరం పత్రికలు ఛీ అన్నాయి. ఇక్కడ ఒకటి చెప్పాలి. 1931లో కార్లోఫ్ చిత్రాన్ని ఛీ అన్నవారూ అటువంటి పెద్దమనుషులే. మరుసటి సంవత్సరమే లీ, కార్లోఫ్ కలిసి ఒక చిత్రంలో నటించారు. కొత్త భూతం పాత భూతానికి మంచి స్నేహితుడయ్యాడు. పోటీ అన్న మాట వారి మధ్య రాలేదు.

పిల్లలతో ఆయనకు ఆది నుంచీ చనువే. 1950లో ‘పీటర్ పాన్’ నాటకంలో కొక్కెం చెయ్యి ఉన్న ఓడదొంగ వేషం కట్టినప్పుడు, ఆట అయ్యాక పిల్లలు ఆయన గదికి వచ్చి ఆ కొక్కెం తమ చేతికి తొడుక్కుని చూసేవారు. కిప్లింగ్ రాసిన జంతువుల కథలను ఆయన గొంతుతో రికార్డులుగా విన్న పిల్లలు కోకొల్లలు. 1966లో టెలివిజన్‌కు గీసిన బొమ్మల చిత్రంలో, క్రిస్మస్ పండుగను దొంగిలించబోయే గ్రించ్ అనే పిసినారికి ఆయనే గొంతు ఇచ్చారు. ఆ రికార్డుకు గ్రామీ బహుమతి వచ్చింది. ఆ పిల్లలలో చాలామందికి ఈయన ఒకప్పుడు తమ తాతలను పరుగెత్తించిన మనిషి అని తెలియదు.

అద్దంలో తాత

అప్పటికి ఒళ్ళు పూర్తిగా చెడింది. ఊపిరితిత్తుల జబ్బు. కాలికి ఇనుప పట్టీ, నడవాలంటే చేతికర్ర, కూర్చుంటే చక్రాల కుర్చీ. పని మాత్రం మానలేదు. రోజర్ కోర్మన్ అనే నిర్మాతకు ఒప్పందం ప్రకారం ఆయన రెండు రోజుల పని బాకీ పడ్డారు. కోర్మన్ ఆ రెండు రోజులను పీటర్ బొగ్డనోవిచ్ అనే ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రవాడికి ఇచ్చి, ఏదో ఒక చిత్రం చుట్టబెట్టమన్నాడు. అతనికి అదే మొదటి చిత్రం. పాత చిత్రాలంటే ప్రాణం పెట్టేవాడు. కథ చదివి కార్లోఫ్ రెండు రోజులతో ఆగక అయిదు రోజులు పనిచేశారు. అదే 1968లో వచ్చిన ‘టార్గెట్స్’.

కథలో ఓర్లాక్ అనే ముసలి నటుడు ఉంటాడు. భయానక వేషాలతో పేరు పొందినవాడు. ఇక చాలు, మానేస్తానంటాడు. రోజూ పత్రిక తెరిస్తే కనిపించే హత్యల ముందు తన భూతాలు ఏపాటివని అతని బాధ. అదే ఊళ్ళో ఇంకొక కుర్రవాడు. చక్కని ఇల్లు, భార్య, తల్లిదండ్రులు, ముఖాన చిరునవ్వు. ఒకరోజు కారణం లేకుండా తుపాకి తీసి భార్యను, తల్లిని చంపి, తరువాత దారిన పోయేవారిని దూరం నుంచి కాలుస్తాడు. ఇది ఊహ కాదు. 1966 ఆగస్టు 1న టెక్సాస్ విశ్వవిద్యాలయం గోపురం ఎక్కి అలా కాల్చినవాడు నిజంగానే ఉన్నాడు. చిత్రంలో ఆ కుర్రవాడు ఎందుకు చంపాడో చెప్పరు. పాత భూతానికి ఒక కారణం ఉండేది. దాన్ని కొట్టారు, అది కొట్టింది. ఈ చిరునవ్వు ముఖానికి కారణం లేదు.

ఒక ఘట్టంలో ముసలి నటుడు, కుర్ర దర్శకుడు హోటల్ గదిలో కూర్చుని టెలివిజన్‌లో పాత చిత్రం చూస్తారు. అది నిజంగా కార్లోఫ్ 1931లో నటించినదే. తెల్లారి ముసలాయన నిద్రమత్తులో నడుస్తూ అద్దంలో ఏదో చూసి ఉలిక్కిపడతారు. చూస్తే తన ముఖమే. ఇంకొక చోట ఆయన ఒక చిన్న కథ చెబుతారు. మృత్యువు నుంచి పారిపోయిన పనివాడు సరిగ్గా మృత్యువు ఎదురుచూసే ఊరికే చేరిన పాత కథ. ఎక్కడా ఆగకుండా ఒక్కసారిలో చెప్పి ముగించేసరికి అక్కడ పనిచేస్తున్న లైట్లవారు, కెమెరావారు చప్పట్లు కొట్టారట.

చివరి ఘట్టం కార్లలో కూర్చుని చూసే ఆరుబయలు సినిమాలో. తెర మీద కార్లోఫ్ పాత చిత్రం ఆడుతోంది. తెర వెనుక నక్కి ఆ కుర్రవాడు జనాన్ని కాలుస్తున్నాడు. ముసలాయన చేతికర్ర ఊతగా అతని వైపు నడుస్తారు. కుర్రవాడు చూస్తాడు. తెర మీద అదే మనిషి వస్తున్నాడు, నేల మీదా వస్తున్నాడు. ఎవరిని కాల్చాలో తెలియక తికమకపడతాడు. ఆయన వచ్చి కర్రతో తుపాకి పడగొట్టి చెంప మీద కొడతారు. మూల నక్కి ముడుచుకున్న కుర్రవాణ్ణి చూసి, ఇంతేనా నేను భయపడింది అన్నట్టు నిలబడతారు.

చిత్రం అమెరికాలో డబ్బు చేయలేదు. ఆ ఏడాదే మార్టిన్ లూథర్ కింగ్‌ను, రాబర్ట్ కెన్నెడీని కాల్చి చంపారు. తుపాకి బొమ్మ చూడడానికి జనానికి మనసు లేకపోయింది. ఆ ఏడాదే ‘రోజ్మేరీస్ బేబీ’ వచ్చింది. అందులో శిశువు ముఖం చివరిదాకా సరిగా చూపనే లేదు. ఆ ఏడాదే ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ వచ్చింది. అందులో శవాలు లేచి మనుషులను తినడం చూపించారు. కుర్రకారు రెండింటికీ ఎగబడ్డారు. కనుక కొత్త తరానికి చాటుగా చెప్పేది అర్థం కాదనే మాట నిజం కాదు.

1969 ఫిబ్రవరి 2న ఇంగ్లండులోని సస్సెక్స్‌లో ఒక ఆసుపత్రిలో కార్లోఫ్ కన్నుమూశారు.  అంత్యక్రియలు నిరాడంబరంగా జరిగాయి.

చెరువుగట్టున కత్తెర పడిన ముక్క 1980లలో దొరికి తిరిగి చిత్రంలో అతికించారు. ఆయన చూసుకోలేదు. ఇప్పుడు ఆ చిత్రం చూసేవారికి మొత్తం కనిపిస్తుంది. పూలు అయిపోతాయి. భూతం తన ఖాళీ చేతులు చూసుకుంటుంది. పిల్లను ఎత్తి నీళ్ళలో వేస్తుంది, పువ్వులా తేలుతుందని. పిల్ల తేలదు. భూతం గట్టున మోకాళ్ళ మీద కూలబడి నీళ్ళ వైపు చేతులు చాస్తుంది. ఏం చేయాలో తెలియక చేతులు నలుపుకుంటూ, తూలుకుంటూ పొదలలోకి పరుగెత్తిపోతుంది.